గగనావధానం



ఛందస్సును, సమస్యాపూరణలను కొంతసేపు ప్రక్కన పెట్టి విమానచోదనం గురించి వ్రాస్తున్నానంటే మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, కాని చివరి వరకు చదవండి. ఇందులో మీతో నాకొక పని కూడా ఉన్నది.

మా బోరంచ మంజీర ఒడ్డున ఉన్న పల్లె. నల్లపోచమ్మ తల్లి గుడి వల్ల చుట్టుప్రక్కల వారికి తెలిసిన పేరు. 1956 వరకు మా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోనిది. తరువాత మెదకు జిల్లాలో చేరింది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నాం. కాగితాల మీద బీదరు పొరుగు రాష్ట్రమైనా మాకు ఇప్పటికీ పొరుగూరే. అక్కడి వాయుసేన స్థావరం నుండి లేచే శిక్షణ విమానాల మోత మా పత్తిచేలలో పనిచేసేవారికి క్రొత్త కాదు. పెద్దలు తల ఎత్తి చూడటం ఏనాడో మానేశారు. పిల్లలు మాత్రం ఇంకా చూస్తారు.

అట్లా చూసిన పిల్లల్లో ఒకతె ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నది. నా పాత శిష్యుని కూతురు. ఆ శిష్యుడు వచ్చి, "సార్, మా బిడ్డ పైలట్ అయితనంటున్నది. గండ్ల ఏదో పరీక్ష ఉన్నదట, బతుకుల ఒక్కసారే రాయాల్నట. తప్పితే మల్ల రానియ్యరట. నిజమేనా సార్?" అని అడిగాడు. తెలుగు పండితుణ్ణి అడగవలసిన ప్రశ్నేనా ఇది అని అతనికి తోచలేదు. పల్లెలో బడిపంతులంటే అన్నీ తెలిసినవాడని లెక్క! సరే, ఉద్యోగ విరమణ తరువాత తీరికకు కొదవ లేదు కనుక చదివి తెలిసికొన్నాను. చదివినకొద్దీ ఇది నాకు పరాయి విషయం కాదనిపించింది. ఎందుకో ముందు ముందు చెబుతాను.

అతడు విన్నది నిజమే. వాయుసేనలో విమానం నడపాలనుకొనేవారికి ప్రధానంగా రెండు త్రోవలు. పదహారున్నర నుండి పంతొమ్మిదిన్నర ఏళ్ళలోపు నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష ఒకటి, డిగ్రీ తరువాత ఇరవై నుండి ఇరవైనాలుగేళ్ళలోపు ఏఎఫ్‌క్యాట్ అనే పరీక్ష మరొకటి. వ్రాతపరీక్ష గట్టెక్కినవారిని డెహ్రాడూన్, మైసూరు, గాంధీనగర్, వారణాసి వంటి చోట్ల ఉన్న ఎంపిక మండళ్ళకు పిలుస్తారు. విమానచోదక శాఖ కోరినవారికి అక్కడ ఒక ప్రత్యేక పరీక్ష ఉంటుంది. వెనుకటి రోజుల్లో దానిని పీఏబీటీ అనేవారు. దాని స్థానంలో డీఆర్‌డీవో రూపొందించిన కంప్యూటరు పద్ధతి, సీపీఎస్ఎస్, వచ్చింది. పేరు మారినా నియమం మారలేదు. ఇందులో ఒకసారి తప్పినవారు మళ్ళీ జన్మలో వాయుసేన చోదకశాఖకు అర్హులు కారు. పదో తరగతి తప్పితే మళ్ళీ కట్టవచ్చు. సివిల్ సర్వీసులకు ఆరుసార్లు కూర్చోవచ్చు. ఇక్కడ ఒక్కసారే.

ఈ నియమం చూసి మొదట నాకు కోపం వచ్చింది. ఆలోచిస్తే దానిలోని తర్కం తెలిసింది. బి.ఎడ్. మనోవిజ్ఞానశాస్త్రంలో అభిరుచి వేరు, సహజ సామర్థ్యం వేరు అని మనకు పాఠం చెప్పేవారు. పాట అంటే చెవి కోసుకొనేవాడికి శ్రుతి పట్టుబడకపోవచ్చు. విమానమంటే ప్రాణమిచ్చే పిల్లవాడికి విమానం పట్టుబడకపోవచ్చు. పరీక్ష కొలవదలచినది ఆ పట్టుబడే గుణాన్ని. పదిసార్లు కూర్చోనిస్తే పదోసారి కొలిచేది గుణాన్ని కాదు, పరీక్షతో ఉన్న పరిచయాన్ని. అది వారి వాదం. పైగా, సరిపడనివాణ్ణి ఆకాశంలోకి పంపితే నష్టపోయేది ప్రాణం.

ఇట్టి పరీక్షలు ఉత్తుత్తివి కావని రెండవ ప్రపంచయుద్ధం నాడే తేలింది. అమెరికా సైనిక విమానదళంలో జాన్ ఫ్లానగన్ అనే మనోవిజ్ఞాని నాయకత్వాన ఈ పరీక్షలు తయారైనాయి. అభ్యర్థులకు ఒకటి నుండి తొమ్మిది వరకు శ్రేణులు ఇచ్చేవారు. పరీక్ష సత్తా తేల్చడానికి 1943లో వెయ్యిమందికి పైగా యువకులను, వచ్చిన శ్రేణితో నిమిత్తం లేకుండా, శిక్షణకు పంపి చూశారు. అడుగు శ్రేణులలోని వారిలో అత్యధికులు నడిమధ్యనే వెనుదిరిగారు, పై శ్రేణులవారు నిలిచారు. కనుక పరీక్షనే తిట్టి ప్రయోజనం లేదు.

నా అభ్యంతరం ఇంకొకచోట ఉన్నది. సహజ సామర్థ్యాన్ని కొలుస్తామన్నప్పుడు అందరూ ఒకే గీత దగ్గర నిలబడి ఉండాలి గదా! నగరంలో చిన్ననాటి నుండి జాయ్‌స్టిక్ పట్టి కంప్యూటరు మీద విమానాల ఆటలాడిన పిల్లవాడు ఒకడు. జాయ్‌స్టిక్‌ను పరీక్షగదిలోనే మొదటిసారి చూసే మా పల్లె పిల్ల ఒకతె. ఇద్దరికీ ఒకే చుక్క, ఒకే తెర, అవే నిమిషాలు. ఆ నిమిషాలలో సగం ఆమెకు 'ఇది ఎటు త్రిప్పితే ఎటు పోతుంది' అని తెలిసికోవడానికే చెల్లిపోతుంది. మిగిలిన సగంలో కనబడిన సామర్థ్యమే ఆమె జీవితకాలపు లెక్క. అవకాశం ఒక్కటే అయినచోట, పరీక్షకు ముందే ఆ క్రొత్తదనం పోగొట్టడం మోసం కాదు, న్యాయం. బిగినర్‌కు సన్నాహమంటే నా దృష్టిలో ఇదే. లేని సామర్థ్యాన్ని తెచ్చిపెట్టుకోవడం కాదు, ఉన్నదానికి అడ్డుపడే అపరిచయాన్ని తొలగించుకోవడం.

హైదరాబాదులోని ఒక శిక్షణ సంస్థవారి కరపత్రం ఆ తండ్రి నాకు చూపించాడు. 'నూటికి నూరుపాళ్ళు ఎంపిక' అని ఉన్నది. ఫీజు చూస్తే రెండెకరాల పత్తి పంట దానికే పోతుంది. వారు నేర్పేదేమిటయ్యా అంటే పాత ప్రశ్నలు, వాటి జవాబులు. వ్యాకరణ సూత్రాలన్నీ వల్లెవేసినవాడు పద్యం చెప్పగలడా? గడియారపు ముళ్ళ బొమ్మలకు జవాబులు కంఠస్థం చేసినవాడి చేతికి చుక్క లొంగుతుందా?

ఇక పరీక్ష లోపలికి పోదాం. పాత పీఏబీటీ గురించి బహిరంగంగా తెలిసిన సంగతులే చెబుతాను. ఇట్టి పరీక్షలన్నిటి స్వరూపమూ సుమారుగా అదే.

మొదటి భాగం పరికరాలను చదవడం. చోదకుని ఎదుట ఆరు గుండ్రని పరికరాలు ఉంటాయి. వేగం, ఎత్తు, ఎక్కుతున్నదా దిగుతున్నదా, దిక్కు, మలుపు, ఆరవది కృత్రిమ దిగంతం. ఈ ఆరింటి ముళ్ళ స్థితి చూసి విమానం ఏమి చేస్తున్నదో చెప్పాలి. నేను ఆ పిల్లకు నల్లబల్ల మీద ఆరు సున్నాలు గీసి మొదలుపెట్టాను. సున్నాలు గీయడంలో నాకు నలభై ఏళ్ళ అనుభవం, విద్యార్థుల జవాబుపత్రాల మీద!

ఎత్తు చూపే పరికరం గోడగడియారంలాగానే ఉంటుంది. చిక్కు అక్కడే. గడియారానికి పన్నెండు అంకెలు, దీనికి సున్న నుండి తొమ్మిది వరకు పది. పెద్దముల్లు ఒక చుట్టు తిరిగితే వేయి అడుగులు. అంతలో చిన్నముల్లు ఒక అంకె జరుగుతుంది. చిన్నముల్లు నాలుగుకూ అయిదుకూ నడుమ, పెద్దముల్లు అయిదు మీద ఉంటే నాలుగువేల అయిదువందల అడుగులు. గడియారానికి అలవాటు పడిన కన్ను మొదట్లో అయిదు మీది ముల్లును 'ఇరవైఅయిదు నిమిషాలు' అని చదువుతుంది. రెండుమూడు రోజులలో సర్దుకొన్నది. ఇంత చిన్న విషయాన్ని పరీక్షగదిలో నేర్చుకోవలసి వస్తే ఎంత నష్టం!

కృత్రిమ దిగంతం ఇంకొంచెం గడుసుది. అందులో విమానం గుర్తు కదలదు, వెనుకనున్న దిగంతరేఖే కదులుతుంది. విమానం ఎడమకు ఒరిగితే రేఖ ఎడమ కొస పైకి లేస్తుంది, కుడి కొస దిగుతుంది. పిల్లలు దీనిని తారుమారుగా చదివి, కుడికి ఒరిగిందంటారు. బస్సులో కూర్చున్నప్పుడు చెట్లు వెనక్కు పరుగెడుతున్నట్లుంటుంది గదా, అదే సంగతి. లోపల కూర్చున్నవాడికి తాను నిలిచి ఉంటాడు, లోకమే ఒరుగుతుంది. ఈ ఒక్కమాట చెప్పగానే ఆ పిల్ల, "అట్లనా తాతా! అయితే బొమ్మను కాదు, నన్ను నేను అండ్ల కూసోబెట్టుకోవాలె" అన్నది. ఇంతకన్న బాగా నేను చెప్పలేను.

దిక్కుల దగ్గరకు వచ్చేసరికి పల్లెవారిదే పైచేయి. నగరంలో 'సిగ్నలు దగ్గర ఎడమకు తిరుగు' అంటారు. మా ఊరిలో 'గుడి తూర్పు దిక్కు పో, బావి నైరుతి మూలకు ఉంటది' అంటారు. వాస్తు పుణ్యమా అని తెలుగింటి పిల్లలకు అష్టదిక్కులూ నోటికి వస్తాయి. ఇప్పుడు చేయవలసిందల్లా వాటికి అంకెలు తగిలించడమే. ఉత్తరం 360, ఈశాన్యం 45, తూర్పు 90, ఆగ్నేయం 135, దక్షిణం 180, నైరుతి 225, పడమర 270, వాయవ్యం 315. ఎదురుదిక్కు కావాలంటే 180 కలపాలి, లేదా తీసివేయాలి. తేలిక ఉపాయం ఒకటి ఉన్నది. వందల స్థానంలో రెండు కలిపి పదుల స్థానంలో రెండు తీసివేయడం. 070కి ఎదురు 250. పెద్ద అంకెలకు దీనినే తిరగవేస్తే సరి, 300కి ఎదురు 120.

నోటిలెక్కలు కూడా అంతే. 120 నాట్ల వేగమంటే గంటకు 120 నాటికల్ మైళ్ళు, అంటే నిమిషానికి రెండు. 35 మైళ్ళ దూరానికి పదిహేడున్నర నిమిషాలు. కాగితం, కలం లేకుండా చెప్పాలి. వీసము, పరక, పాతిక, అర, ముప్పాతిక లెక్కలు నోటితో చెప్పించిన కాలపు పంతుళ్ళు ఉంటే ఈ పరీక్షకు వేరే శిక్షణ అక్కరలేకపోయేది. కాలిక్యులేటరును నేను నిందించను గాని, రోజూ పది నిమిషాలు దానిని అటకెక్కించడం ఈ సన్నాహంలో భాగం.

రెండవ భాగం కాళ్ళుచేతుల పని. తెర మీద ఒక చుక్క ఉంటుంది. అది ఒకచోట ఊరుకోదు. చేతిలోని కర్రతో పైకీ క్రిందికీ, కాళ్ళ క్రింది పెడల్సుతో ప్రక్కలకూ మళ్ళించి దానిని నడిమి గడిలో నిలపాలి. కర్రను ముందుకు త్రోస్తే ముక్కు దిగుతుంది, వెనక్కు లాగితే లేస్తుంది. అది చేస్తుండగానే దీపం వెలుగుతుంది, మోత మ్రోగుతుంది. వాటిని రెండవ చేతితో ఆర్పాలి. ఇంకొక పరీక్షలో వంకరటింకరగా దిగివచ్చే చుక్కల బారు మీదుగా తన గుర్తును నడిపించాలి.

సెల్‌ఫోను ఆటలు దీనికి పనికివస్తాయా అని ఆ తండ్రి ఆశగా అడిగాడు. పెద్దగా రావు. వాటిలో పనిచేసేవి రెండు బొటనవ్రేళ్ళే, కాళ్ళకు పని లేదు. నిజానికి దానికన్న దగ్గరిది మా ఊరి ట్రాక్టరు. ట్రాక్టరుకు ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి బ్రేకులు వేర్వేరుగా ఉంటాయి. చేను చివర మలుపు దగ్గర నడిపేవాడు లోపలి చక్రం బ్రేకు తొక్కి, ఒక చేత్తో స్టీరింగు త్రిప్పుతూ, రెండవ చేత్తో మీట లాగి నాగలిని పైకెత్తి, వెనుదిరిగి సాలు చూసుకొంటూ, గట్టు మీది మనిషి కేకకు బదులు చెబుతాడు. ఇన్ని పనులు ఒక్క క్షణంలో! అతణ్ణి మనం డ్రైవరంటాం గాని అతని సామర్థ్యాన్ని కొలిచినవారెవరు? విమానంలో ఎడమ పెడల్‌కు ఎడమకాలు, కుడిదానికి కుడికాలు. ట్రాక్టరులో రెండు బ్రేకులూ కుడికాలివే. ఆ తేడా ఉన్నా మూలవిద్య ఒక్కటే.

ఆ మూలవిద్య పేరు చెప్పగానే మీరు పోల్చుకొంటారు. అవధానం.

పిల్లలకు ఏకాగ్రత గురించి చెప్పేటప్పుడు మనమందరం ద్రోణుడు పెట్టిన పరీక్షను ఉదాహరిస్తాం. చెట్టు కనబడలేదు, కొమ్మ కనబడలేదు, పక్షి తల మాత్రమే కనబడింది అన్న అర్జునుడే ఉత్తీర్ణుడు. నేనూ ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠమే అది. విలుకానికి అది సరి. విమానచోదకునికి మాత్రం ఆ చూపు ప్రాణాంతకం. అతనికి పక్షి తలా కనబడాలి, కొమ్మా కనబడాలి, చెట్టు క్రింద నిలబడిన నలుగురు అన్నదమ్ములూ కనబడాలి. ఒక్క పరికరానికే చూపు అంటుకొనిపోవడం శిక్షణలో దోషంగా లెక్కిస్తారు. ప్రతి పరికరాన్నీ క్షణం చూసి మళ్ళీ కృత్రిమ దిగంతానికి తిరిగిరావడమే వారు నేర్పే పద్ధతి.

దీనికి 1972 డిసెంబరు 29న అమెరికాలో జరిగిన ప్రమాదమొకటి సాక్ష్యం. ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి 401వ నంబరు విమానం మయామీలో దిగబోతుండగా ముందుచక్రం సూచించే చిన్న దీపం వెలగలేదు. చక్రం రాలేదా, దీపమే మాడిందా? తేల్చుకోవడంలో చోదకబృందమంతా మునిగిపోయారు. ఈలోగా ఆటోపైలట్ ఎత్తును నిలపడం మానింది. విమానం మెల్లమెల్లగా దిగుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. చిత్తడినేలలో కూలి 101 మంది మరణించారు. మాడినది దీపమే. అందరూ పక్షి తలనే చూశారు, చెట్టును చూసేవారు లేకపోయారు.

ఇక మన అష్టావధాన వేదికను తలచుకోండి. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు వర్ణన. నిషిద్ధాక్షరి అడిగేవారు అక్షరమక్షరానికీ అడ్డుపడతారు. వ్యస్తాక్షరి అక్షరాలు వరుస తప్పి వచ్చిపడతాయి. ఘంట మ్రోగిన లెక్క ఒకవైపు, చదరంగం ఒకవైపు. ఇన్నింటి మధ్య అప్రస్తుత ప్రసంగి లేచి, 'అవధానిగారూ, మీ ఇంట్లో ఈ రోజు ఏమి కూర?' అంటాడు. దానికి నవ్వుతూ బదులు చెబుతూనే ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాదం చెప్పి, చివరకు అన్ని పద్యాలనూ ధారణ చేయాలి. దీపాలు, మోతలు అంటే ఏమిటి? అప్రస్తుత ప్రసంగమే. ముళ్ళను చదవడం పృచ్ఛకులను వరుసగా పలకరించడమే. మళ్ళీ మళ్ళీ దిగంతానికి రావడం ధారణ. తిరుపతి వేంకట కవులు ఊరూరా ఈ విద్యను ప్రదర్శించిన నాటికి రైట్ సోదరులు ఎగరనే లేదు! (1903 తరువాత కూడా ఆ జంట అవధానాలు చేశారనుకోండి, ముందు మొదలుపెట్టినది మనవారే అని నా గర్వం.)

ఇది పండితుని ముచ్చట అని కొట్టిపారవేయకండి. 1971లో డేనియల్ గోఫర్, డేనియల్ కానెమన్ అనే ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ఈ సంగతినే పరీక్షించారు. ఆ కానెమన్‌కే 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వారు అభ్యర్థి రెండు చెవులకూ వేర్వేరు మాటలు వినిపించి, ఒక చెవివి మాత్రమే పట్టుకొమ్మన్నారు. సంకేతం రాగానే రెండవ చెవికి మారమన్నారు. ఆ మార్పులో తడబడినవారికీ విమానశిక్షణలో వెనుకబడినవారికీ సంబంధం కనబడింది. అంటే కష్టమంతా దృష్టి నిలపడంలోనే లేదు, నిలిపిన దృష్టిని పిలవగానే మరలించడంలో ఉన్నది. అవధాని చేసేది అదే గదా!

ఈ శక్తి పుట్టుకతో రావలసిందేనా, అభ్యాసంతో పెరుగుతుందా? అవధానులను అడిగితే క్షణంలో చెబుతారు. ఎవరూ మొదటిరోజే ఎనిమిదిమంది పృచ్ఛకుల నడుమ కూర్చోరు. ముందు సమస్య ఒక్కటే పూరించడం, అది శ్రమ లేకుండా వచ్చిన తరువాత దత్తపది చేర్చడం, ఆపైన ఎవరినైనా ప్రక్కన కూర్చోబెట్టుకొని మాటలతో ఆటంకం కలిగించుమనడం. శాస్త్రజ్ఞులూ ఇదే కనుగొన్నారు. 1994లో గోఫర్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనలో వాయుసేన శిక్షార్థులలో కొందరి చేత దృష్టిని పంచుకోవడం నేర్పే కంప్యూటరు ఆటను పది గంటలు ఆడించారు. ఆ ఆట ఆడనివారికన్న వారు తరువాత నిజమైన విమానంలో మెరుగ్గా రాణించారు. ఇజ్రాయెల్ వాయుసేన ఆ ఆటను తన శిక్షణలో చేర్చుకొన్నది. అభ్యాసం పరీక్షను బోల్తా కొట్టించే చిట్కా మాత్రమే అయితే ఆకాశంలో దాని ఫలితం కనబడేది కాదు.

కనుక ఆ పిల్లకు నేను చెప్పిన సన్నాహం అవధాన శిష్యులకు చెప్పేదే. మొదటి పక్షం రోజులు ఒక్కొక్క పరికరం విడివిడిగా. తరువాత ఆరూ కలిపి, ఒక్కొక్క బొమ్మకు ఇంత సమయమని గడియారం పెట్టి. కంప్యూటరు దొరికినప్పుడు ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో విమానాన్ని ఒకే ఎత్తున, ఒకే దిక్కున అయిదు నిమిషాలు నిలపడం. ఎక్కడికీ పోనక్కరలేదు, నిలపడమే విద్య. అది కుదిరాక నేను ప్రక్కన కూర్చొని పదమూడో ఎక్కం అడుగుతాను, నడుమ చప్పట్లు కొడతాను, ఎన్ని కొట్టానో చివర చెప్పాలి. చుక్క గడి దాటిపోతే కంగారుపడి కర్రను ఈడ్చివేయడం క్రొత్తవారి మొదటి దోషం. కొంచెం కదిపి ఆగాలి, ఫలితం చూసి మళ్ళీ కదపాలి. పోయినదాని గురించి విచారిస్తే తరువాతి చుక్క కూడా పోతుంది.

పుస్తకాలకన్న ముందు చూసుకోవలసినది టేపు. వాయుసేన చోదకశాఖకు సామాన్యంగా 162.5 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కాళ్ళ పొడవు, తొడ పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు ఇవన్నీ హద్దులలో ఉండాలి, ఎందుకంటే కాక్‌పిట్ కొలతలు మనిషిని బట్టి మారవు. కంటిచూపు, రంగుల గుర్తింపు సరేసరి. ఇవి ముందే తెలిసికోకుండా రెండేళ్ళు ఆశపెట్టుకోవడం క్రూరత్వం. గణితం, భౌతికశాస్త్రం ఇంటర్‌లో తప్పనిసరి. బైపీసీలో చేరిన తరువాత మేలుకొన్నవారు నాకు తెలుసు.

పౌరవిమానాల దారి వేరు. ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ మొదలు ఇండిగో వంటి సంస్థల కేడెట్ పథకాల వరకు ప్రవేశానికి ఎంపిక పరీక్షలున్నాయి. ఇండిగో వంటి చోట్ల కంప్యూటరు మీద సామర్థ్య పరీక్ష కూడా పెడతారు. అక్కడ జన్మకొక్కసారి అనే కత్తి వ్రేలాడదు గాని, ఖర్చు లక్షలలో ఉంటుంది. మా ఊరివారికి ఏ కత్తి తేలికో చెప్పడం కష్టం. అందుకే ఎంపికైనవారి శిక్షణ ఖర్చును ప్రభుత్వమే భరించే వాయుసేన దారి పల్లె పిల్లలకు అంత ముఖ్యం.

ఇంగ్లీషు సంగతి. తెలుగు పంతులు గనుక నేను ఇంగ్లీషును తిడతానని ఎదురుచూసేవారికి నిరాశ తప్పదు. ఆకాశంలో రేడియో భాష ఇంగ్లీషు. అంతర్జాతీయ మార్గాలలో ఎగరేవారికి నాలుగవ స్థాయి ఇంగ్లీషు ఉండి తీరాలని 2008 నుండి నియమం. నేర్వవలసిందే. కాని అర్థం చేసికోవడం ఒక పని, ఆ అర్థానికి పరభాషలో పేరు తెలిసికొనడం మరొక పని. రెండూ ఒకేసారి నెత్తిన పెడితే పిల్లలు అర్థాన్ని వదలి పేరును పట్టుకొంటారు. 'కృత్రిమ దిగంతం' అని తెలుగులో అర్థమైన తరువాత దాని ఇంగ్లీషు పేరు నేర్చుకోవడానికి అరనిమిషం చాలు. పరీక్షలో సూచనలు ఇంగ్లీషులో, హిందీలో వస్తాయి. కనుక చివరి నెలంతా ఆ భాషలలోనే అభ్యాసం సాగాలి. తెలుగు మెట్టు, మేడ కాదు.

ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని ఊరిలో అన్నవారికి ఆ తండ్రి ఏమీ బదులు చెప్పలేదు. నేనే చెప్పాను. 2016 జూన్ 18న దుండిగల్ అకాడమీలో అవనీ చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ అనే ముగ్గురు దేశపు తొలి మహిళా యుద్ధవిమాన చోదకులుగా నియుక్తులైనారు. తరువాతి దశలో వారు హాక్ విమానాల మీద శిక్షణ పొందినది మన బీదరులోనే. మీ తల మీదుగా పోయిన మోతలలో వారివి కూడా ఉండి ఉంటాయని చెప్పాను. నేషనల్ డిఫెన్స్ అకాడమీ తలుపులు కూడా 2022 నుండి ఆడపిల్లలకు తెరుచుకొన్నాయి.

పరీక్ష పోతే? పోవచ్చు. అబ్దుల్ కలాంగారు డెహ్రాడూన్ ఎంపికలో ఇరవైఅయిదుగురిలో తొమ్మిదవవారై, తీసుకొన్నది ఎనిమిదిమందినే కావడంతో వెనుదిరిగారని ఆయనే వ్రాసికొన్నారు. అందరూ కలాంలు కారు కనుక ఈ కథ చెప్పి ఊరడించడం నాకు ఇష్టం లేదు. వాయుసేనలోనే ఇతర శాఖలున్నాయి, వాటికి ఈ పరీక్ష అక్కరలేదు. ఆ దరఖాస్తులో రెండవ, మూడవ ఎంపికలను ఖాళీగా వదలవద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

ఇక మీతో ఉన్న పని. అంతర్జాలంలో తెలుగు వ్రాయడానికి పరికరాలు లేని రోజున మీరే వాటిని నిర్మించుకొన్నారు, ఎవరినీ రూపాయి అడగలేదు. ప్రోగ్రాములు వ్రాసేవారు మీలో ఎందరో ఉన్నారు. నాకు కావలసినది చిన్నది. ఆరు గడియారాల బొమ్మ వేసి, విమానం ఏమి చేస్తున్నదో నాలుగు జవాబులలో ఒకటి ఎన్నుకొమ్మనే పుట ఒకటి. కదిలే చుక్కను గడిలో నిలపమనే పుట ఒకటి. రెండు చెవులకు రెండు అంకెల వరుసలు వినిపించేది ఒకటి. నెట్ లేకపోయినా, మా జూనియర్ కళాశాలలోని పాత కంప్యూటర్లలో కూడా నడవాలి. వివరణ తెలుగులో, పేర్లు ఇంగ్లీషులో ఉండాలి. వివరణలన్నీ నేను వ్రాసి ఇస్తాను. విదేశాలలో ఉన్న మిత్రుల ఇళ్ళలో పిల్లలు ఆడి వదలివేసిన జాయ్‌స్టిక్కులు, పెడల్సు మూలన పడి ఉంటే వచ్చేటప్పుడు పెట్టెలో ఒక మూల సర్దుకొని రండి.

మూడూ ఒకేసారి కాకపోయినా సరే, ముందు గడియారాల పుట చాలు. అది చేతికి అందితే ఇక్కడి పిల్లల చేత చేయించి, ఎవరు ఏ ముల్లు దగ్గర తడబడ్డారో లెక్క వ్రాసి పంపుతాను.